తాళ్ళరేవు పాలిష్, షికాగో గిటారు

తీగలు – చెక్కలు
వాద్యాల మరమ్మతు గురించి పాఠకుల ప్రశ్నలకు అమలాపురం మేస్త్రి జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసేవారు. అక్కడ పనిచేసిన కెనడా డాక్టరమ్మగారు 1972లో స్వదేశం వెళ్ళిపోతూ తన గిటారు ఆయనకి ఇచ్చేశారు. లోపల ‘హార్మనీ సావరిన్’ అని ముద్ర ఉంది. 1260 అనే నెంబరు, ఇంకోచోట 65 అనే అంకె కనిపిస్తాయి. ఇరవై నాలుగేళ్ళు ప్రతి ఆదివారం నాన్నగారు చర్చిలో దాన్ని వాయించారు. మైకు లేకపోయినా ఆఖరి బల్ల దాకా వినిపించేది.

1996 నవంబరు తుఫానులో మా ఇంటి పెంకులు ఎగిరిపోయి, పెట్టెలో ఉన్న గిటారు తడిసిపోయింది. పాలిష్ తెల్లగా పాలిపోయి పొలుసుల్లా లేచింది. తాళ్ళరేవులో పడవలు కట్టే పెద్దమేస్త్రి ఒకాయన నాన్నగారికి స్నేహితుడు. ఆయన దాన్ని తీసుకెళ్ళి, తీగలు విప్పేసి, ఎండాకాలం దాకా నీడన ఉంచి, తర్వాత గాజుపెంకుతో పాత పాలిష్ గీకి, లక్క పాలిష్ వేసిచ్చారు. అప్పటి నుంచి దాని శబ్దం మరీ బాగుందనేవారు నాన్నగారు. ఇప్పుడు నాన్నగారూ లేరు, మేస్త్రిగారూ లేరు.

మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, బాగా వాయిస్తాడు. పాత గిటార్లు కొనే హైదరాబాదు వ్యాపారి ఒకాయనకి వాడు ఫోటోలు పంపాడు. ‘అసలు పాలిష్ పోయింది కాబట్టి సగం ధరే వస్తుంది, మళ్ళీ కంపెనీ పాలిష్‌లా చేయిస్తే చూద్దాం’ అన్నాడట. అబ్బాయి చేయిద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. పైగా ఈమధ్య తీగలు బాగా పైకి లేచి, వేళ్ళు నొప్పెడుతున్నాయంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, ముమ్మిడివరం మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక, గిటారు చూడకుండా ఏమీ రాయకూడదనిపించి కబురు పెట్టాను. మీరు శ్రమ అనుకోకుండా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఆ మధ్యాహ్నమంతా అది నా బల్ల మీదే ఉంది. మీతో అప్పుడు చెప్పినవీ, చెప్పకుండా మిగిలిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి గిటార్లు మన లంక ఊళ్ళల్లో, పాత మిషన్ బంగళాల చుట్టుపక్కల ఇళ్ళ అటకల మీద ఇంకా ఉన్నాయి. వాళ్ళకీ పనికొస్తుంది.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఆ పాలిష్‌ని ఎవరి చేతా గీకించకండి. వ్యాపారి మాట విని చేయిస్తే ధరా రాదు, శబ్దమూ మిగలదు. తీగలు లేవడం వేరే జబ్బు, దానికి వైద్యం ఉంది.

మీ దగ్గరున్నది ఏమిటో అబ్బాయికి తెలియాలి. హార్మనీ అనేది అమెరికాలోని షికాగో కంపెనీ. 1892లో మొదలైంది. 1916లో సియర్స్ అనే పెద్ద వ్యాపార సంస్థ దాన్ని కొనుక్కుని, క్యాటలాగు చూసి పోస్టులో తెప్పించుకునే జనానికి గిటార్లు అమ్మింది. 1940లో అది మళ్ళీ సియర్స్ చేతిలోంచి బయటికి వచ్చింది, 1975లో మూతపడింది. అంటే ఇది జమీందారీ వాద్యం కాదు. విద్యార్థులు, టీచర్లు, మిషనరీలు కొనుక్కోగలిగిన గిటారు. కానీ ఆ రోజుల్లో చవక గిటారుకి కూడా మంచి చెక్క వేసేవారు. మీదానికి పైపలక అసలైన స్ప్రూస్ (చలిదేశాల్లో పెరిగే సూదాకుల చెట్టు చెక్క), వెనకా పక్కలా అసలైన మహాగని. ఇవాళ బాగా చవకగా దొరికే వాటికి ఎక్కువగా ప్లైవుడ్డే గతి. 65 అనే అంకె 1965లో తయారైందని చెబుతుంది. లెడ్ జెపెలిన్ బ్యాండులో వాయించిన జిమ్మీ పేజ్ చేతిలో కూడా ఈ 1260 మోడలే ఉండేది. ఇప్పుడు దీని వెంట వ్యాపారులు పడటానికి అదొక కారణం.

పైపలక ఒకే చెక్కా, ప్లైవుడ్డా అన్నది ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. నడిమి రంధ్రం అంచుని వెలుతురులో దగ్గరగా చూడండి. పైన కనిపించే సన్నటి నిలువు గీతలు అంచు మందంలోకి కూడా అలాగే దిగితే ఒకే చెక్క. గీతలు ఆగిపోయి, పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్డు. మీదానిలో గీతలు కింద దాకా దిగాయి, మీరూ చూశారు.

ఇక పాలిష్ సంగతి. మేస్త్రిగారు లక్క వేశారని మీరన్నా నేను పరీక్ష చేశాను, ఎందుకంటే 1990లకు వచ్చేసరికి మన వడ్రంగులు చాలామంది మెలమైన్ అనే గట్టి రసాయన పాలిష్ వైపు తిరిగారు. నెక్ (ఎడమచేత్తో పట్టుకునే గిటారు మెడ) అడుగున, కంటికి కనపడని చోట, దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి అద్దాను. కాసేపట్లో పాలిష్ మెత్తబడి దూదికి తేనెరంగు అంటింది. అంటే లక్కే. స్పిరిట్‌కి చలించకుండా థిన్నర్‌కి కరిగితే అది నైట్రోసెల్యులోజ్ లాకర్. షికాగోలో దీనికి మొదట వేసింది అదే. రెండింటికీ కదలకపోతే మెలమైనో, పాలియురెథేనో, పాలియెస్టరో అనుకోవాలి. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు గానీ దూదిపుల్లకి మించి ఎక్కువ తడి వద్దు, కనపడే చోట అసలే వద్దు.

తర్వాత రంధ్రం అంచు దగ్గర పలక మందం కొలిచాను. 2.8 మిల్లీమీటర్లు వచ్చింది. ఇలాంటి గిటారుకి అది ఉండవలసిన మందమే. నేను భయపడింది ఇక్కడే. పాత పాలిష్ తీయాలంటే చాలామంది ఎమరీ కాగితం, లేదా అంతకంటే ఘోరంగా కరెంటు సాండరు పట్టుకుంటారు. స్ప్రూస్ మెత్తటి చెక్క, సాండరు కింద ఇట్టే అరిగిపోతుంది. పలక అర మిల్లీమీటరు పలచబడితే మొదట కొన్నాళ్ళు శబ్దం పెద్దగా వచ్చి, ఆ తర్వాత బ్రిడ్జి (పైపలక మీద తీగల కొసలు బిగించే చెక్కదిమ్మ) వెనక పొట్ట ఉబ్బి, ముందు కుంగిపోతుంది. ఆరు ఉక్కు తీగలు శ్రుతిలో ఉంటే దాదాపు 70 కిలోల లాగుడు. దాన్ని మోసేది మూడు మిల్లీమీటర్లు కూడా లేని ఆ పలకే. మేస్త్రిగారు గాజుపెంకు వాడారు. పెంకు అంచు పాలిష్‌ని రేకులుగా లేపుతుంది. చేతికి చెక్క తగలగానే తెలిసిపోతుంది, అక్కడ ఆగొచ్చు. ఆయన ఆగారు. బ్రిడ్జి అంచుల దగ్గర, పైపలక పక్కపలకలు కలిసే అంచుల దగ్గర నేను భూతద్దం పెట్టి చూశాను. ఎక్కడా గుంట లేదు, గీత లేదు.

కోరంగి, తాళ్ళరేవు వైపు వాళ్ళు తరతరాలుగా చెక్క ఓడలు కట్టినవాళ్ళు. నీళ్ళు తాగిన చెక్కతో ఎలా మసలుకోవాలో వాళ్ళకి ఒకరు చెప్పనక్కరలేదు. గిటారు తడిసింది నవంబరులో. ఆయన ఎండాకాలం దాకా ముట్టుకోలేదని మీరు రాశారు. ఈ గిటారు బతికింది అక్కడే. తడిసిన పలకని తొందరపడి ఎండలో పెట్టి ఉంటే నడిమి అతుకు దగ్గర చీలిపోయేది. తడి ఉండగానే పాలిష్ వేసి ఉంటే లోపలి తడి బయటికి రాలేక పాలిష్ మళ్ళీ తెల్లబడేది. తీగలు విప్పేయడం కూడా ఎంతో తెలివైన పని. సరేసు అనే తోలు జిగురుతో అతికిన వాద్యం తడిస్తే అతుకు మెత్తబడుతుంది. ఆ స్థితిలో 70 కిలోల లాగుడు ఉంటే బ్రిడ్జి ఊడి వచ్చేది. ఆయన గిటార్లు చేసే మనిషి కాదు. కానీ ఆ కొన్ని నెలలూ ఆయన చేసిందంతా గిటారు చేసే మనిషి చేయవలసిన పనే. నేను ఆయన్ని చూడలేదు. చూసి ఉంటే కాళ్ళకి దండం పెట్టేవాణ్ణి.

లక్క అంటే తెలియని ఇల్లు మనకి లేదు. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది లక్కే. మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు వదిలే బంక అది. శుద్ధిచేసి పలుకులుగా అమ్ముతారు. స్పిరిట్‌లో కరిగించి, దూది మీద పాతబట్ట చుట్టిన ఉండతో, ఒక్కో పూత గాలంత పలచగా రుద్దుకుంటూ పోతారు. ఎన్నో పూతలు వేసినా చివరికి మిగిలే పొర చాలా సన్నం. ఫ్రెంచ్ పాలిష్ అని ఫర్నిచరు వాళ్ళు పిలిచేది దీన్నే. స్పెయిన్ పద్ధతిలో చేతితో చేసే మేలురకం క్లాసికల్ గిటార్లకి ఇవాళ్టికీ ఇదే వేస్తారు. నైట్రో లాకరు కంపెనీలో పిచికారీ చేస్తే మిల్లీమీటరులో పదోవంతు వరకూ రావచ్చు. పాలియెస్టరు దానికి రెండు మూడింతలు, ఇంకా పైనే ఉంటుంది. అంత మందం పైపలక మీద పడితే డప్పు మీద తడిగుడ్డ కప్పినట్టే. తీగ మీటగానే పలక లేచి ఊగాలి. బరువు పెరిగినకొద్దీ, పైపొర మెత్తగా పట్టి ఉంచినకొద్దీ ఆ ఊపు తొందరగా చచ్చిపోతుంది. వెనకా పక్కలా ఇంత తేడా రాదు, మాట్లాడేది ముఖ్యంగా పైపలక కాబట్టి. ఈ గిటారు బొటనవేలితో మీటితే చెక్క మొత్తం ఒకేసారి కదిలినట్టు చేతికి తెలుస్తుంది. నడిమి స్వరాలు ముందుకొస్తాయి. పాడే గొంతుకి అడ్డం రాకుండా పక్కనే నిలబడతాయి.

ఈ శబ్దం అంతా లక్క వల్లే అనుకోకండి. అది పాలిష్ చేసినవాడికి ఇచ్చే గౌరవమే అయినా నిజం కాదు. మొదటి కారణం పైపలక కింద అంటించిన కర్రలు. మార్టిన్ కంపెనీ వాళ్ళు 19వ శతాబ్దం నడిమి నుంచీ వాటిని ఇంటూ గుర్తులా అమరుస్తూ వచ్చారు. చాలా ఉక్కుతీగల గిటార్లు ఆ దారినే నడిచాయి. హార్మనీ వాళ్ళు మాత్రం నిచ్చెన మెట్లలా అడ్డంగా పెట్టారు. ఇంటూ అమరికలో మంద్రం లోతుగా, బరువుగా వస్తుంది. అడ్డ అమరికలో శబ్దం త్వరగా లేచి త్వరగా ఆరిపోతుంది. పొడిగా, సూటిగా ఉంటుంది. చర్చిలో ఆఖరి బల్ల దాకా వినపడటానికి అదే కారణం. రెండో కారణం వయసు. చెక్కలో హెమీసెల్యులోజ్ అనే పదార్థం ఏళ్ళ తరబడి మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. బిగువు పెద్దగా తగ్గకుండానే చెక్క తేలికపడుతుంది, గాలిలోని తేమని పీల్చే గుణం కూడా కొంత తగ్గుతుంది. మూడోది, వాయించేవాళ్ళు చాలామంది నమ్మేది, నాన్నగారి చెయ్యి. ఆదివారం ఆదివారం ఆ పలకని ఊపుతూనే ఉన్నారాయన. ఇవన్నీ పాలిష్‌కి ముందే ఉన్నాయి. మేస్త్రిగారి పాలిష్ గొప్పతనం ఏమిటంటే వీటిలో దేనికీ అడ్డం రాలేదు. మందంగా పాలియురెథేన్ కొట్టి ఉంటే ఇవన్నీ ఉండి కూడా నోరు మూసుకునేవి.

ఇక ధర. వ్యాపారి చెప్పిన మాటలో సగం నిజం ఉంది. పాలిష్ మారిన పాత గిటారు, అదే మోడలులో అసలు పాలిష్ ఉన్నదానికంటే సుమారు సగానికి పలుకుతుందన్నది ఆ వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్న లెక్క. సేకరించేవాళ్ళు కొనేది ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టు ఉన్న వస్తువుని. అది వాళ్ళ ఇష్టం, తప్పు పట్టడానికి లేదు. కానీ ‘మళ్ళీ కంపెనీ పాలిష్‌లా చేయిస్తే’ అన్నది మాత్రం నేను ఒప్పుకోను. ఒకసారి పోయిన ఫ్యాక్టరీ పాలిష్ మళ్ళీ రాదు. నైట్రో లాకరు తెప్పించి షికాగో రంగు కలిపి కొట్టినా అది రెండోసారి పాలిష్ మార్చిన గిటారే అవుతుంది. తెలిసిన కొనుగోలుదారు భూతద్దం పెట్టి చూస్తే బ్రిడ్జి చుట్టూ, రంధ్రం అంచునా దొరికిపోతుంది. చెప్పకుండా అమ్మితే మోసం. చెప్పి అమ్మితే ఇప్పుడొచ్చే ధరే. మధ్యలో మీరు పోగొట్టుకునేది పలక మందం. రెండోసారి గీకినప్పుడు ఆగే చెయ్యి దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు.

అబ్బాయితో కూడా నేను మాట్లాడాను, మీరు పక్కనే ఉన్నారు. వాడికి కొత్త గిటారు మెరుపు కావాలి. ఆ వయసులో తప్పు కాదు. కానీ గిటారుని వాడి ఒళ్ళో పెట్టి, కళ్ళు మూసుకుని మీటమన్నాను. తర్వాత నా కొట్లోని కొత్త గిటారు ఇచ్చి, అదే వాయించమన్నాను. వాడు కొత్తది పక్కన పెట్టి తాతగారిదే మళ్ళీ తీసుకున్నాడు. ఇంకో మాట కూడా వాడికి చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. లక్క మీద లక్క కరిగి కలిసిపోతుంది. అందుకని మెరుపు తగ్గినచోట, గోటి గీతలు పడినచోట, పాతది తీయకుండానే రెండు పూతలు రుద్దితే చాలు. అతుకు కనపడదు. మెరుపు కావాలంటే ఆ పని నేనే చేసిస్తాను. కానీ ఈ వర్షాల్లో కాదు. తేమ గాలిలో స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పలక చల్లబడి నీటిపొర పట్టి, పాలిష్ పాలలా తెల్లబడుతుంది. మన వైపు ఈ పనికి జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. కలిపిన లక్క కూడా తాజాది ఉండాలి. నెలల తరబడి సీసాలో మురిగింది రుద్దితే ఎన్నాళ్ళకీ ఆరదు, వేలు పెడితే అంటుకుంటుంది.

తీగలు పైకి లేచిన సంగతి. పన్నెండో ఫ్రెట్టు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర లావు తీగ కింద నాలుగున్నర మిల్లీమీటర్లు ఉంది. రెండున్నర ఉంటే హాయిగా వాయించొచ్చు. ఇలాంటి గిటార్లకి అరవై ఏళ్ళ లాగుడుకి నెక్ కొద్దికొద్దిగా ముందుకు వంగడం మామూలే. కొందరు బ్రిడ్జి మీది ఎముక ముక్కని అరగదీసి సరిపెడతారు. మీదానికి ఎవరో అది ఇప్పటికే చేశారు, అరగదీయడానికి ఇంక మిగల్లేదు. ఉన్న దారి ఒకటే. నెక్‌ని వదులు చేసి, కోణం సరిచేసి, మళ్ళీ అతకడం. ఆ అతుకు పావురం తోకలా కోసి బిగించినది. సన్నటి గొట్టంతో ఆవిరి పంపితే సరేసు మెత్తబడి విడిపోతుంది. ఆవిరీ వేడీ తగిలితే లక్క పాలిష్ చెడుతుంది కాబట్టి చుట్టూ కప్పి పెట్టి, నిదానంగా చేయాలి. తిరిగి అతికేది కూడా వేడి సరేసుతోనే. ఫెవికాల్ పోస్తే తర్వాత ఎప్పుడైనా విప్పాల్సి వస్తే అంత తేలిగ్గా విడిపోదు. చెక్క చీలొచ్చు.

ఇంకొకటి మీరు ఉత్తరంలో రాయలేదు, చూస్తే దొరికింది. పైపలక మీద వేలిముణుకుతో తడుతూ వస్తుంటే బ్రిడ్జికి కిందివైపు ఒకచోట గలగలమంది. లోపల అద్దం పెట్టి చూస్తే ఒక అడ్డకర్ర ఒక చివర ఊడి ఉంది. బహుశా తుఫాను తడికే ఊడి ఉంటుంది. సరేసు ఎక్కించి, బిగించి ఉంచితే అతుక్కుంటుంది. నెక్ పనితో పాటే అది కూడా చేసేస్తాను. ఆ పని అయ్యేదాకా తీగల శ్రుతిని రెండు స్వరస్థానాలు దించి ఉంచమని అబ్బాయితో చెప్పండి. పని అయ్యాక కూడా 12 సెట్టుకి (అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు) మించి లావు తీగలు వద్దు, 11 సెట్టు అయితే ఇంకా మేలు. అడ్డకర్రల గిటారుకి లావు తీగలు వేస్తే కొన్నాళ్ళు గొంతు పెద్దగా వస్తుంది, తర్వాత పలక వంగుతుంది.

లక్కకి పడనివి రెండు ఉన్నాయి, స్పిరిట్టూ వేడీ. కరోనా రోజుల్లో అందరి జేబుల్లో చేతులకి రాసుకునే శానిటైజరు ఉండేది, ఇప్పటికీ కొందరు వాడతారు. అందులో ఉండేది ఆల్కహాలే. రాసుకుని ఆరకుండానే గిటారు పట్టుకుంటే చెయ్యి ఆనిన చోట పాలిష్ లేచిపోతుంది. సెంటు కూడా అంతే. కారు డిక్కీలో, మధ్యాహ్నపు ఎండలో వదిలేస్తే పాలిష్ మెత్తబడి పెట్టె లోపలి మఖమల్ గుడ్డ అచ్చు పడుతుంది. తుడవడానికి ఏ మందూ అక్కరలేదు. బాగా ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్క, పొడిగా. అంతే. వానాకాలంలో మన డెల్టా గాలికి పలక ఉబ్బి తీగలు ఇంకొంచెం లేస్తాయి, ఏప్రిల్ వచ్చేసరికి దిగుతాయి. అది చూసి కంగారు పడకండి. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, అవి తేమ పీల్చడం మానేసినప్పుడు లోపలి గింజల్ని మూకుడులో సన్నసెగ మీద వేడి చేసి మళ్ళీ వాడండి. తేమ చూపే చిన్న మీటరు పెట్టెలో పెడితే మంచిది. అది 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటారుకి సుఖం. కాలవ వైపు గోడకి మాత్రం తగిలించకండి.

అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, నేను చెప్పదగ్గది కాదు. అబ్బాయి ఫీజు కోసమే అయితే, పాలిష్ మార్చిన గిటారని స్పష్టంగా చెప్పి, నెక్ పని అయ్యాక, వాయించి చూసి కొనే మనిషికి అమ్మండి. ఫోటో చూసి ధర కట్టేవాడికి వద్దు. ఫోటోలో వినపడదు.

ప్రశ్న: నేను ఆరువేలు పెట్టి కొత్త గిటారు కొన్నాను. పైన గాజులా మందమైన మెరుపు ఉంది. అది గీకేసి పలచటి లక్క పాలిష్ వేయిస్తే పాత గిటారులా మోగుతుందా?
— ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: మోగదు బాబూ. ఆ ధరలో పైపలక ప్లైవుడ్డే అయ్యే అవకాశం ఎక్కువ. గీకేటప్పుడు పై రేకు ఎక్కడో ఒకచోట తెగి కింది పొర బయటపడుతుంది. ఆ డబ్బుతో మంచి తీగలు వేయించు. నట్టు (నెక్ తల దగ్గర తీగలు ఆనే చిన్న దిమ్మ) దగ్గర గాళ్ళు లోతు సరిగ్గా కోయించు, బ్రిడ్జి మీద ప్లాస్టిక్ ముక్క తీయించి ఎముకది పెట్టించు. ఇంత తేడా వస్తుందని నువ్వు అనుకోవు. ప్లైవుడ్డు అనగానే చిన్నచూపు కూడా వద్దు. 1966లో జపాన్ నుంచి వచ్చిన యమహా ఎఫ్‌జీ 180కి పైపలక ప్లైవుడ్డే. అయినా దాని శబ్దం కోసం ఇవాళ్టికీ వెతుక్కునేవాళ్ళున్నారు.

ప్రశ్న: మా దొడ్లో పడిపోయిన పెద్ద పనసచెట్టు మాను ఉంది. వీణకి పనస వాడతారు కదా, దాంతో గిటారు చేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: వెనకకీ పక్కలకీ నిక్షేపంగా వాడొచ్చండి. పసుపు రంగు రానురాను ముదిరి గోధుమరంగుకి తిరుగుతుంది, చాలా అందంగా ఉంటుంది. పైపలకకి మాత్రం వద్దు. బొబ్బిలిలో ఒకే మానుతో ఏకాండి వీణ తొలుస్తారు, నూజివీడు వీణా పనసే. కానీ వీణ గొంతు వేరు. ఇత్తడి రేకు వేసిన గుర్రం మీద తీగ ఆని మోగే మోత అది, దానికి ఆ బరువు సరిపోతుంది. గిటారు పైపలకకి తక్కువ బరువులో ఎక్కువ బిగువు ఉన్న చెక్కే కావాలి. అందుకే చాలామంది స్ప్రూసో, సీడర్ అనే తేలిక చెక్కో వాడతారు. పైపలకకి స్ప్రూస్ కొనుక్కోండి, మిగతాదంతా మీ పనసతో చేద్దాం.

మాను ఇంకా దొడ్లోనే ఉందంటే వానకి తడుస్తూ ఉంటుంది. వెంటనే మిల్లుకి తీసుకెళ్ళి అంగుళం పలకలుగా కోయించండి, మధ్య బొడ్డు భాగం పక్కన పెట్టేయమనండి. కొసలకి మైనమో పెయింటో పూయండి, లేకపోతే అక్కడి నుంచే బీటలు వస్తాయి. పలకకీ పలకకీ మధ్య బద్దలు పెట్టి, నీడన, గాలి తగిలేచోట, నేలకి జానెడు ఎత్తున పేర్చండి. చెదలు చూసుకుంటూ ఉండండి. రెండు ఎండాకాలాలు గడిచాక నాకు ఉత్తరం రాయండి, వచ్చి చూస్తాను.